పెట్రోల్ స్ప్రేయర్ ప్లగ్ మాటిమాటికీ నల్లబడుతోందా? కారణాన్ని ఇలా గుర్తించండి

మిరపకు, పత్తికి మందు కొట్టాల్సిన రోజుల్లో వీపున వేసుకునే పెట్రోల్ స్ప్రేయర్ మొరాయిస్తే రైతుకు రెండు విధాలా నష్టం. గాలి తక్కువగా ఉండే ఉదయం వేళ చేజారిపోతుంది. అప్పటికే ట్యాంకులో కలిపిన మందు మర్నాటి వరకు ఉంచడానికి పనికిరాదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ప్లగ్ మార్చడం. కొత్త ప్లగ్ వేయగానే ఇంజిన్ అందుకుంటుంది. నాలుగైదు రోజులకు మళ్లీ ఆగిపోతుంది. మళ్లీ ఇంకో ప్లగ్.

ప్లగ్‌కు మసి పడుతోందంటే ఇంజిన్‌లో వేరేచోట తేడా ఉందని అర్థం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, ఆయిల్ కొలత తప్పి ఉండవచ్చు, చోక్ సగం పడి ఉండవచ్చు. ఆ తేడా ఎక్కడుందో విప్పిన ప్లగ్‌ను చూస్తే చాలావరకు తెలుస్తుంది. అందుకే పాత ప్లగ్‌ను పారేసే ముందు ఒక్కసారి వెలుతురులో పరిశీలించండి.

ఈ సూచనలు ఏ యంత్రాలకు?

రైతులు తైవాన్ స్ప్రేయర్ అని పిలిచే పవర్ స్ప్రేయర్లు, గాలితో మందు చిమ్మే మిస్ట్ బ్లోయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, చెట్లు కోసే చైన్ సాలలో టూ స్ట్రోక్ ఇంజిన్ ఉన్నవాటన్నిటికీ ఇవి వర్తిస్తాయి. ముందుగా మీ యంత్రం టూ స్ట్రోకో, ఫోర్ స్ట్రోకో చూసుకోండి. ఇంజిన్‌కు విడిగా ఆయిల్ పోసే మూత, ఆయిల్ కొలిచే పుల్ల ఉంటే అది ఫోర్ స్ట్రోక్. అందులో పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు. కలిపితే ప్లగ్ త్వరగా పాడవుతుంది. అలాంటి మూత లేకుండా పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాల్సినది టూ స్ట్రోక్.

అద్దెకు తెచ్చిన యంత్రమైనా, నలుగురు కలిసి వాడుకునే యంత్రమైనా ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవాలి. పైకి చూడటానికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి.

మసి పట్టిన ప్లగ్ ఎందుకు పనిచేయదు?

ప్లగ్ కింది భాగంలో నడుమ ఒక సన్నని కడ్డీ, దాని మీదికి వంగిన ఒక కొక్కెం ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఉన్న సందులో నిప్పురవ్వ పడి పెట్రోల్ ఆవిరి మండుతుంది. నడిమి కడ్డీ చుట్టూ తెల్లని పింగాణీ ఉంటుంది. కరెంటు పక్కకు పోకుండా ఆపేది అదే.

మసి అంటే బొగ్గు. బొగ్గు గుండా కరెంటు పారుతుంది. పింగాణీ మీద మసి పేరుకుంటే కరెంటు సందును దూకకుండా మసి మీదుగా ప్లగ్ ఒంటిలోకి జారిపోతుంది. రవ్వ బలహీనపడుతుంది, లేదా అసలే పడదు.

ప్లగ్ కొన సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే దాని మీద పడిన మసి దానంతట అదే కాలిపోతుంది. ఇంజిన్‌ను ఎక్కువసేపు స్లోలోనే తిప్పితే ప్లగ్‌కు ఆ వేడి అందదు. ట్యాంకు నింపుకునేటప్పుడు, మందు కలుపుకునేటప్పుడు ఇంజిన్‌ను ఆపకుండా వదిలేసే అలవాటు ఉంటే ప్లగ్ నల్లబడటానికి అదే కారణం కావచ్చు.

ప్లగ్ విప్పే ముందు జాగ్రత్తలు

- మందు కొట్టిన చేతులను, చేతి తొడుగులను సబ్బుతో కడుక్కోండి. యంత్రం మీద పడిన మందును తడిగుడ్డతో తుడవండి.
- ఇంజిన్ చల్లారనివ్వండి. వేడి మీద ప్లగ్ విప్పితే సిలిండర్ హెడ్‌లోని మరలు దెబ్బతినవచ్చు.
- ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో తీసేయండి. లేకపోతే ప్లగ్ తీయగానే ఆ మట్టి సిలిండర్‌లో పడి బోరును గీరుతుంది.
- ప్లగ్ క్యాప్‌ను వైరు పట్టుకొని లాగకండి. క్యాప్‌ను పట్టుకొని తీయండి.
- సరైన ప్లగ్ పానానే వాడండి. పానా పక్కకు ఒరిగితే పింగాణీ పగులుతుంది. సన్నని పగులు కంటికి కనిపించకపోయినా రవ్వ దాని గుండా పోతుంది.

ఇంకొక ముఖ్య విషయం. ఇంజిన్‌ను స్లోలో కాసేపు ఉంచి ఆపితే మంచి ప్లగ్ కూడా నల్లగానే కనిపిస్తుంది. ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే కొన్ని నిమిషాలు మామూలుగా పని చేయించి, పూర్తి వేగంలో ఉండగానే స్విచ్ ఆపి, చల్లారాక విప్పండి. అప్పుడు కనిపించే రంగే నిజమైన రంగు.

ప్లగ్ రంగును బట్టి కారణం

1. లేత గోధుమ లేదా బూడిద రంగు, పొడిగా ఉంటే: ఇంజిన్ సరిగా మండుతోంది. ఇంత మంచి ప్లగ్ ఉండి కూడా ఇంజిన్ అందుకోకపోతే తప్పు ప్లగ్‌ది కాదు. పెట్రోల్ రావడం, కాయిల్, సైలెన్సర్ చూడాలి.

2. నల్లని పొడి మసి, వేలికి కాటుకలా అంటుకుంటే: పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ అయింది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, కార్బరేటర్ సెట్టింగ్ తప్పడం, ఎక్కువసేపు స్లోలో తిప్పడం దీనికి కారణాలు.

3. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంటే: ఆయిల్ కాలకుండా మిగిలిపోతోంది. ఆయిల్ ఎక్కువ కలపడం, తప్పు ఆయిల్ వాడటం ముఖ్య కారణాలు. కొలత సరిగానే ఉన్నా జిడ్డు తగ్గకపోతే రవ్వ బలహీనంగా ఉండి ఉండవచ్చు, సైలెన్సర్ మూసుకుపోయి ఉండవచ్చు.

4. పెట్రోల్‌తో తడిసి, పెట్రోల్ వాసన వస్తుంటే: ఇంజిన్ ఓవర్ అయింది. చోక్ వేసి మరీ ఎక్కువసార్లు తాడు లాగడం, కార్బరేటర్‌లో సూది సరిగా మూసుకోకపోవడం, రవ్వ అసలే పడకపోవడం కారణాలు.

5. సందు మధ్యలో బొగ్గు ముక్క అడ్డంగా చేరితే: రవ్వ పడే చోటే లేకుండా పోయింది. నాసిరకం ఆయిల్ వల్ల సిలిండర్‌లో, పిస్టన్ తల మీద పెచ్చుకట్టిన బొగ్గు ఊడి వచ్చి ఇక్కడ ఇరుక్కుంటుంది.

6. తెల్లగా మారి, పింగాణీ మీద పొక్కులు లేదా చిన్న లోహపు చుక్కలు కనిపిస్తే: ఇది మసి సమస్యకు సరిగ్గా వ్యతిరేకం, దానికంటే ప్రమాదకరం. ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అయి ఉండాలి. కార్బరేటర్ కింద వాషర్ చిరిగి గాలి పీల్చడం, క్రాంక్ సీలు పోవడం, పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోవడం, సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల్లో చెత్త ఇరుక్కోవడం చూడాలి. కారణం తెలిసేవరకు యంత్రాన్ని నడపకండి. పిస్టన్ పట్టేస్తుంది.

7. ఎన్నిసార్లు తాడు లాగినా ప్లగ్ పొడిగా, శుభ్రంగా ఉంటే: పెట్రోల్ లోపలికి రావడం లేదు. పెట్రోల్ కాక్, ట్యాంకులోని ఫిల్టర్, ట్యాంకు మూతకు ఉన్న గాలి రంధ్రం చూడండి.

కొత్త ప్లగ్ ఎంతసేపటికి నల్లబడిందో గుర్తుపెట్టుకోండి

వేసిన వెంటనే తడిసిపోతే కార్బరేటర్ నుంచి పెట్రోల్ కారుతోందని, లేదా రవ్వ లేదని అనుమానించాలి. ఒకటి రెండు ట్యాంకుల పెట్రోల్ అయ్యేసరికి నల్లబడితే ఆయిల్ కొలత, ఫిల్టర్, చోక్ చూడాలి. సీజన్ అంతా పనిచేసి చివర్లో మొండికేస్తే అది మామూలు అరుగుదల. చిన్న ఇంజిన్లలో సుమారు 100 గంటల పని తర్వాత ప్లగ్ మార్చమని కొన్ని కంపెనీలు సూచిస్తాయి. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ వివరం చెప్పి పాత ప్లగ్ చూపిస్తే అతని పని సగం తగ్గుతుంది.

తేలికైన కారణాల నుంచి మొదలుపెట్టండి

కార్బరేటర్ స్క్రూల మీద చేయి వేసేది చివర్లో. ముందు ఈ వరుసలో చూడండి.

పెట్రోల్: నెల కంటే పాతదైతే పొలానికి దూరంగా, సురక్షితంగా తీసేసి కొత్తగా కలిపినది పోయండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. గాజు సీసాలో కొద్దిగా తీసి పావుగంట కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా కనిపిస్తే ఆ పెట్రోల్ వాడవద్దు.

ఎయిర్ ఫిల్టర్: స్పాంజి రకమైతే సబ్బునీటితో కడిగి, పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. పెట్రోల్‌తో కడగవద్దు. స్పాంజి చిరిగితే మార్చండి. ఫిల్టర్ తీసేసి యంత్రాన్ని నడపడం చాలా తప్పు. ఇంజిన్ తేలికగా తిరుగుతున్నట్టు అనిపించినా దుమ్ము లోపలికి పోయి రింగులు, బోరు అరిగిపోతాయి.

చోక్: మీట తిప్పుతూ లోపలి పలక పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కంటితో చూడండి. మీట తెరిచిన చోటే ఉన్నా లోపల పలక సగంలో ఆగి ఉండవచ్చు.

సైలెన్సర్: టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కాలని ఆయిల్ సైలెన్సర్ లోపల బొగ్గుగా గడ్డకడుతుంది. పొగ బయటకు పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు. ఇంజిన్ స్లోలో నడిచి, వేగం పెంచితే గొణిగి ఆగిపోతుంటే దీన్ని అనుమానించండి. సైలెన్సర్ చివర సన్నని జల్లెడ ఉంటే తీసి శుభ్రం చేయండి. సిలిండర్ నుంచి పొగ వచ్చే రంధ్రంలోని బొగ్గును తీసేటప్పుడు తాడు మెల్లగా లాగి పిస్టన్‌తో ఆ రంధ్రాన్ని మూయాలి. ఇనుప వస్తువు వద్దు, కర్రపుల్లతోనే గీకాలి.

రవ్వ: ప్లగ్ విప్పి క్యాప్‌కు తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజిన్ లోహానికి ఆనించి తాడు లాగండి. ప్లగ్ తీసిన రంధ్రాన్ని గుడ్డతో మూసి, ప్లగ్‌ను దానికి దూరంగా పెట్టాలి. రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, రవ్వ తగిలితే మంట లేస్తుంది. పెట్రోల్ ఒలికిన చోట ఈ పరీక్ష చేయవద్దు. నీలి రంగులో చటుక్కున పడే రవ్వ మంచిది. సన్నగా, పసుపుగా, ఆగి ఆగి పడితే కొత్త ప్లగ్‌తో మళ్లీ చూడండి. కొత్త ప్లగ్‌తోనూ అంతే ఉంటే క్యాప్, వైరు, కాయిల్ చూపించాలి. బయట రవ్వ కనిపించినంత మాత్రాన ప్లగ్ మంచిదని అనుకోవద్దు. సిలిండర్ లోపలి ఒత్తిడిలో రవ్వ పడటం కష్టం. అనుమానం ఉంటే మంచి ప్లగ్ మార్చి చూడటమే సరైన పరీక్ష.

కార్బరేటర్: పైవన్నీ సరిగా ఉంటేనే దీని జోలికి వెళ్లండి. స్క్రూ తిప్పే ముందు అది ఎన్ని చుట్లు తెరిచి ఉందో రాసుకోండి. జెట్‌ను నోటితో ఊదకండి. యంత్రం మీద, చేతుల మీద పురుగుమందు ఉంటుందని మరవవద్దు. సన్నని తీగతో పొడిస్తే జెట్ రంధ్రం పెద్దదై పెట్రోల్ ఎక్కువ పోతుంది. చేతి పంపు గాలితో శుభ్రం చేయడం మంచిది.

ఆయిల్ కొలత

ప్లగ్ జిడ్డు పట్టడానికి తరచుగా కనిపించే కారణం ఆయిల్‌ను అంచనాగా పోయడం. సీసా మూతతో, చూపుతో కొలిచి పోస్తే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంది. మిల్లీలీటర్ల గీతలున్న కొలత గ్లాసు గానీ, పాత సిరంజి గానీ ఇందుకే విడిగా పెట్టుకోండి. 1 లీటరు పెట్రోల్‌కు:

- 25:1 అంటే 40 మి.లీ. ఆయిల్
- 30:1 అంటే 33 మి.లీ. ఆయిల్
- 40:1 అంటే 25 మి.లీ. ఆయిల్
- 50:1 అంటే 20 మి.లీ. ఆయిల్

మీ యంత్రానికి ఏది సరైనదో దానితో ఇచ్చిన పుస్తకంలో గానీ, పెట్రోల్ ట్యాంకు మూత దగ్గర గానీ ఉంటుంది. పక్క పొలం రైతు వాడే కొలత మీ యంత్రానికి సరిపడకపోవచ్చు.

గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్లకు ఉద్దేశించిన 2టి ఆయిలే వాడాలి. డబ్బా మీద జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గుర్తు ఉంటే అది తక్కువ పొగ, తక్కువ మసి వచ్చే రకం. ట్రాక్టర్‌కు, మోటార్ సైకిల్‌కు వాడే ఇంజిన్ ఆయిల్ కలపకూడదు. అది పెట్రోల్‌తో పాటు కాలడానికి చేసినది కాదు, ప్లగ్ మీద బూడిదగా పేరుకుంటుంది. వాడేసిన ఆయిల్ అసలే వద్దు.

ఆయిల్, పెట్రోల్ వేరే శుభ్రమైన డబ్బాలో కలిపి, బాగా కుదిపి, తర్వాతే ట్యాంకులో పోయాలి. యంత్రం ట్యాంకులోనే విడివిడిగా పోస్తే ఆయిల్ అడుగున చేరి ముందుగా అదే కార్బరేటర్‌లోకి పోతుంది. పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినా పెట్రోల్ కలపడానికి వాడకండి.

ప్లగ్ నల్లబడుతోందని ఆయిల్ తగ్గించవద్దు

పొగ ఎక్కువగా వస్తోందని, ప్లగ్ నల్లబడుతోందని కొందరు ఆయిల్‌ను సగానికి తగ్గిస్తారు. ప్లగ్ నిజంగానే తెల్లబడుతుంది. కానీ టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్‌కు, బోరుకు, క్రాంక్ బేరింగులకు అందే ఆయిల్ పెట్రోల్‌లో కలిపినది మాత్రమే. అది తగ్గితే ఎండలో, పూర్తి వేగంలో నడుస్తున్నప్పుడు పిస్టన్ బోరును పట్టేస్తుంది. ప్లగ్‌కు అయ్యే ఖర్చు ఎక్కడ, బోరు, పిస్టన్ మార్చే ఖర్చు ఎక్కడ! పుస్తకంలో చెప్పిన కొలత కంటే ఎక్కువ పోస్తుంటే ఆ కొలతకు తగ్గించండి. అంతకంటే కిందికి ఎప్పుడూ పోవద్దు. పొరపాటున ఉత్త పెట్రోల్ పోసి ఉంటే వెంటనే ఇంజిన్ ఆపి ట్యాంకు ఖాళీ చేయండి.

శుభ్రం చేయడం, బిగించడం

పొడి మసి అయితే పాత టూత్ బ్రష్‌తో, కొద్దిగా పెట్రోల్‌తో రుద్ది పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దితే ఇసుక రేణువులు పింగాణీ పక్కన ఇరుక్కొని తర్వాత సిలిండర్‌లో పడతాయి. ప్లగ్‌ను పొయ్యి మీద ఎర్రగా కాల్చే అలవాటు మానుకోండి, పింగాణీ పగులుతుంది. జిడ్డు లోపలి దాకా ఇంకిన ప్లగ్, కొక్కెం అరిగిన ప్లగ్, పగిలిన ప్లగ్ మార్చాల్సిందే.

సందు చాలా చిన్న ఇంజిన్లలో 0.6 నుంచి 0.7 మి.మీ. ఉంటుంది, కొన్నింటిలో 0.5 మి.మీ. మీ పుస్తకంలో ఉన్న అంకెను గేజితో చూసి సరిచేయండి. వంచాల్సింది పక్క కొక్కేన్నే, నడిమి కడ్డీని కదపకూడదు.

ప్లగ్‌ను ముందు చేత్తోనే చివరిదాకా తిప్పండి. మొదట్లోనే పానాతో బిగిస్తే మరలు పోతాయి. చేత్తో ఆగాక వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ను పానాతో సుమారు అర చుట్టు, పాత ప్లగ్‌నైతే చుట్టులో ఎనిమిదో వంతు తిప్పితే చాలు.

ప్లగ్ నంబరు మార్చేటప్పుడు జాగ్రత్త

ప్లగ్ మీది నంబరులో దాని పొడవు, మరల సైజు, వేడిని తట్టుకునే తీరు ఉంటాయి. మరలు పట్టినంత మాత్రాన అది మీ ఇంజిన్‌కు సరైనది కాదు. ప్లగ్ పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతుంది. వేడి అంకె కూడా అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. చల్లని ప్లగ్ వేస్తే త్వరగా మసి పడుతుంది, మరీ వేడిది వేస్తే పిస్టన్ కాలుతుంది. దుకాణంలో వేరే కంపెనీ ప్లగ్ ఇస్తే అంకె ఒకటేనని తీసుకోవద్దు. పాత ప్లగ్ చూపించి, దానికి సమానమైనదేనా అని అడగండి.

పొలంలో ఇంజిన్ ఓవర్ అయితే

1. స్విచ్ ఆపండి, పెట్రోల్ కాక్ మూయండి.
2. చోక్ పూర్తిగా తెరవండి.
3. ప్లగ్ విప్పి తుడిచి ఆరబెట్టండి.
4. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, స్విచ్ ఆపే ఉంచి, తాడును ఐదారుసార్లు లాగండి. లోపలి పెట్రోల్ బయటకు చిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టండి.
5. ఒలికిన పెట్రోల్ తుడిచి, ఆవిరి పోయాక ప్లగ్ బిగించండి.
6. కాక్ తెరిచి, చోక్ వేయకుండా తాడు లాగండి.

మందు కొట్టడానికి వెళ్లే ప్రతిసారీ సందు సరిచేసిన కొత్త ప్లగ్ ఒకటి, ప్లగ్ పానా, పొడి గుడ్డ వెంట ఉంచుకోండి. ఇంజిన్ బాగుపడేదాకా మందు ట్యాంకును వీపున మోస్తూ తాడు లాగవద్దు. దించి, మూత గట్టిగా బిగించి, చదునైన నేల మీద పెట్టి పని చూడండి.

పని ముగిశాక

రోజు పని అయ్యాక పెట్రోల్ కాక్ మూసి, కార్బరేటర్‌లో మిగిలినది అయిపోయేదాకా ఇంజిన్ నడపండి. సీజన్ చివర ట్యాంకు కూడా ఖాళీ చేయండి. మర్నాడు ఉదయమే ఇంజిన్ అందుకోవడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు. కార్బరేటర్‌లో నిలిచిన పెట్రోల్ ఆవిరైపోతే ఆయిల్ మాత్రం మిగిలి జిగురుగా మారుతుంది. మరుసటి సీజన్‌లో ముందుగా తడిసేది ఆ ఆయిల్‌తో ప్లగ్గే.

మెకానిక్‌కు ఎప్పుడు చూపించాలి?

తాడు లాగినప్పుడు బిగువు లేకుండా తేలిగ్గా వస్తుంటే, ప్లగ్ తెల్లబడి లోహపు చుక్కలు కనిపిస్తే, పెట్రోల్ కార్బరేటర్ నుంచి కారుతుంటే, కొత్త ప్లగ్‌తో కూడా రవ్వ లేకపోతే సొంతంగా ప్రయత్నించవద్దు. గత రెండు మూడు ప్లగ్‌లను పారేయకుండా, ఏది ఎన్ని రోజులు పనిచేసిందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కొత్త ప్లగ్ వేసి పంపేస్తానంటే ఒప్పుకోకండి. పాతది ఎందుకు నల్లబడిందో అడిగి తెలుసుకోండి.